గ్లాసు పెట్టింది ఎవరు? చూపు లేని జీవితంలో కృతజ్ఞత సాధన, అంచెలంచెలుగా

చూపు పోయాక నన్ను బాగా విసిగించిన వస్తువు మంచినీళ్ల గ్లాసు. అన్నానికి కూర్చుంటే నా కుడిచేతి పక్కన ఉండేది. ఎవరు తెచ్చారో, ఎప్పుడు పెట్టారో తెలిసేది కాదు. కళ్లున్న రోజుల్లో మా ఆవిడ వంటింట్లోంచి రావడం, కొంగుతో గ్లాసు అడుగు తుడవడం, వంగి నా ముందు పెట్టడం అంతా కనిపించేది. ఇప్పుడు చెయ్యి చాపితే గ్లాసు ఉంటుంది, అంతే. ఉన్నప్పుడు ఏమీ అనిపించదు, లేనప్పుడు మాత్రం కోపం వస్తుంది. రెండేళ్లు అట్లా గడిచాక నాకే సిగ్గేసింది.

మాది నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట. పప్పులు, బెల్లం, చింతపండు అమ్మే చిన్న కిరాణా కొట్టు. నలభై మూడో ఏట నీటికాసులు బయటపడింది. డాక్టర్లు గ్లాకోమా అంటారు. కంటిలో ఒత్తిడి పెరిగి చూపునరం దెబ్బతింటుంది. ముందు పక్కచూపు పోతుంది, మామూలుగా నొప్పి ఉండదు కాబట్టి చాలామందికి ఆలస్యంగా గాని తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడానికే చుక్కల మందు. నేను వెళ్లేసరికి కాపాడుకోవడానికి పెద్దగా మిగల్లేదు. నలభై దాటినవాళ్లు, అందులోనూ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నవాళ్లు, కంటి ఒత్తిడి చూపించుకోండి. ఇక్కడితో చదవడం ఆపేసినా ఆ ఒక్క పని చేస్తే నాకు చాలు.

ఆ రోజుల్లో పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఒకే పాట పాడేవాళ్లు. "చెవులున్నాయి, కాళ్లు చేతులున్నాయి, దేవుడు అంతవరకూ మేలు చేశాడనుకో సామీ." నాకు ఒళ్లు మండేది. తర్వాత ఒకరోజు మా కొట్టుకు వచ్చే రిటైరైన తెలుగు మాస్టారు బెల్లం తూయించుకుంటూ మాటల్లో కృతజ్ఞత అనే మాటను విడగొట్టి చెప్పారు. కృతం అంటే చేసింది. జ్ఞ అంటే ఎరిగిన. చేసింది ఎరగడం. సంతోషించమని గాని, రుణపడి ఉండమని గాని ఆ మాటలో ఎక్కడా లేదు.

నా చిక్కు అక్కడ దొరికింది. చేసే చేతులు కనిపించడం మానేసరికి, వాళ్లు చేసింది నేను ఎరగడం మానేశాను. గ్లాసు గాల్లోంచి ఊడిపడుతోంది అన్నట్టు బతుకుతున్నాను. ఎరగడానికి చెవి, చర్మం, ముక్కు, నాలుక ఇంకా ఉన్నాయి. వాటితో ఏడేళ్లుగా నేను చేస్తున్న సాధన ఇది. నాలాగా నడివయసులో చూపు పోయినవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. పుట్టుకతోనే చూపు లేనివాళ్లకు చెవుల గురించి, వేళ్ల గురించి నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. వాళ్లు నేరుగా ఏడో అంచెకు వెళ్లొచ్చు.

మొదలుపెట్టే ముందు

చూపు పోయి ఇంకా నెలలే అయితే ఈ సాధన జోలికి రావద్దు. ఆ దుఃఖానికి దాని టైమ్ దానికి కావాలి. ఇంట్లోవాళ్లు ఇది చదివి "ఇట్టా చెయ్యి, బాగుంటుంది" అని తొందరపెట్టడం ఇంకా తప్పు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సహించకపోయినా, బతుకు వద్దనిపించినా కృతజ్ఞత దానికి మందు కాదు. డాక్టరును కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు.

ఇంకొక సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. చూపు బాగా తగ్గిన ఏడాది నాకు గోడల మీద ముగ్గులు, పూల చెండ్లు కనిపించేవి. చుక్క చుక్కకూ లెక్క కుదిరిన ముగ్గులు. మతి పోతోందని టెన్షన్ పడి ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి కంటి డాక్టరుకు చెబితే నవ్వి, దీనికి చార్లెస్ బోనే సిండ్రోమ్ అని పేరుందన్నారు. 1760లో ఆ స్విస్ శాస్త్రవేత్త, చూపు తగ్గిన తన తాతకు లేని మనుషులు, లేని పక్షులు కనిపించడం గురించి రాశాడు. కంటి నుంచి సమాచారం తగ్గితే మెదడు సొంతంగా బొమ్మలు అల్లుకుంటుంది, అది పిచ్చి కాదు. మీకూ అట్లా ఉంటే దాచుకోకుండా డాక్టరుకు చెప్పండి.

మొదటి అంచె: ఒక చోటు, ఒక వేళ, ఒక్క సంగతి

రోజూ ఒకే చోట కూర్చోండి. నాకు కొట్టు ముందు అరుగు, తెల్లవారుజామున షట్టర్ ఎత్తకముందు పది నిమిషాలు. ఒకే చోటు ఎందుకంటే, అక్కడ మామూలుగా ఏం ఉంటుందో తెలిస్తేనే ఈరోజు కొత్తగా ఏం ఉందో తెలుస్తుంది.

రోజుకు ఒక్క ఇంద్రియం, ఒక్క సంగతి. ఇది నా పద్ధతి. 2003లో అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థుల చేత వారానికొకసారి, పది వారాలపాటు, ఐదు వరకు సంగతులు రాయించారు. మంచి సంగతులు రాసినవాళ్లు, చికాకులు రాసినవాళ్ల కంటే తమ జీవితం గురించి మెరుగ్గా చెప్పుకున్నారు. మంచిదే. నేనూ ఐదు లెక్కపెట్టి చూశాను. మూడో రోజుకే "గాలి, నీళ్లు, కాఫీ, ఫ్యాను, అరుగు" అని బాకీల చిట్టా అప్పజెప్పినట్టు తయారైంది. ఒక్కటే అయితే దాని లోపలికి వెళ్తాం.

ఎంచుకున్న సంగతి గురించి ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది ఎవరు చేస్తే నా దాకా వచ్చింది? సాధన మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది.

రెండో అంచె: చెవి

కళ్లు పోతే చెవులు వాటంతట అవే పదునెక్కుతాయని జనం నమ్మకం. నా విషయంలో అట్లా జరగలేదు. మొదటి ఏడాది అంతా గోలే. వినడం నేర్చుకోవాల్సి వచ్చింది.

మూడు వలయాలుగా వినండి. మొదటిది చేతికందే దూరం: మీ ఊపిరి, చొక్కా రాపిడి, దోమ. రెండోది వీధి: పాలవాడి క్యాన్ మూత, ఎదురింటి చీపురు, మసీదు నుంచి అజాన్, మొదటి ఆటో. మూడోది ఊరు: పెన్న వంతెన మీద రైలు, దూరంగా హైవే లారీల మోత. ఒక్కో వలయంలో రెండు నిమిషాలు ఉండి, చివర ఏదో ఒక చప్పుడును పట్టుకోండి.

నేను ఎక్కువ రోజులు పట్టుకున్నది ఎదురింటి చీపురు. మొదట్లో అది వట్టి చప్పుడు. నెల రోజులు విన్నాక తెలిసింది, ఆ చీపురు వాళ్ల గడప దగ్గర ఆగదు. వీధి దాటి మా అరుగు ముందుకొస్తుంది, నా చేతికర్ర వెళ్లే దారి మేరకు ఊడ్చి వెనక్కు పోతుంది. ఆ దారిలో రాళ్లు, కొబ్బరి చిప్పలు ఎందుకు తగలడం లేదో అప్పటిదాకా నేను ఆలోచించనే లేదు. ఊడ్చేది ఎదురింటి పెద్దమ్మ. ఆమెకు డెబ్బై దాటాయి.

చెవికి ఇంకో పని కూడా నేర్పండి. గ్లాసులోకి నీళ్లు వంచుతుంటే చప్పుడు స్థాయి పెరుగుతూ పోతుంది, లోపల గాలి ఉండే చోటు తగ్గేకొద్దీ సన్నబడుతుంది. బాగా సన్నబడిందంటే నిండబోతోందని అర్థం. వేడి కాఫీలో వేలు ముంచి చూడక్కర్లేదు. నేను దీన్ని కుండలో నీళ్లతో పది రోజులు ప్రాక్టీసు చేశాను. ఇంట్లో సగం తడి బట్టలు నావే అయ్యాయి గాని, వచ్చింది.

మూడో అంచె: వేళ్లు

మా కొట్టులో ఉండి నేను అన్నిటికంటే ముందు నేర్చుకున్న పాఠం ఇది. కందిపప్పు బద్ద ఒకవైపు చదును, ఒకవైపు గుండ్రం. శనగపప్పు కూడా అంతే, కాని దళసరి, కాస్త గరుకు. పెసరపప్పు చిన్నది, వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. పొట్టు తీసిన మినపప్పును రెండు వేళ్ల మధ్య నలిపితే సన్నటి పిండి అంటుకుంటుంది. పుట్నాలు పిడికిట్లో పట్టుకుంటే బరువే ఉండదు. మీరు వంటింట్లో ఐదు గిన్నెల్లో ఐదు పప్పులు పోయించుకుని, ఒక్కోదాన్ని నిమిషంపాటు వేళ్లతో కలపండి. పేరు చెప్పడానికి తొందరపడొద్దు. వేళ్లకు ఏం తగులుతోందో మాటల్లో పెట్టండి: జారుతోంది, గుచ్చుకుంటోంది, చల్లగా ఉంది. మాట దొరికితే అది గుర్తుంటుంది.

నోట్లను కూడా ఇట్లాగే. కొత్త వందనోటు మీద ముద్ర ఉబ్బెత్తుగా త్రికోణం, అంచుల్లో నాలుగు ఏటవాలు గీతలు. ఐదొందల మీద వృత్తం, ఐదు గీతలు. రెండొందల మీద నాలుగు గీతల మధ్య రెండు చుక్కలు. పొడవు కూడా తేడా: వంద 142 మిల్లీమీటర్లు, రెండొందలు 146, ఐదొందలు 150. నోటు నలిగితే గీతలు అరిగిపోతాయి, అప్పుడు పొడవే దిక్కు. ఇరవై రూపాయల బిళ్లకు పన్నెండు పలకల అంచు. రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన మణి యాప్ ఫోన్ కెమెరాతో నోటు చూసి ఎంతో చెబుతుంది. ఎక్కడో ఆఫీసులో కూర్చున్నవాళ్లు మన వేళ్లను గుర్తుపెట్టుకుని ఈ గీతలు గీయించారు. గల్లాపెట్టె తెరిచినప్పుడల్లా వాళ్లు నాకు గుర్తొస్తారు. చిల్లర ఇవ్వడంలో మోసపోయిన రోజుల్లో కూడా.

బ్రెయిలీ నలభై ఐదో ఏట మొదలుపెట్టాను. ఆరు చుక్కలు, వాటితో 63 గుర్తులు. భారతీయ భాషలన్నిటికీ కలిపి 1951లో ఒప్పుకున్న భారతి బ్రెయిలీలో 'అ'కు ఒక్కటే చుక్క, పైన ఎడమవైపు. ఆ ఒక్క చుక్కను కనుక్కోవడానికి నాకు వారం పట్టింది. లూయీ బ్రెయిలీకి మూడేళ్లప్పుడు తండ్రి తోలుపని కొట్టంలో ఆర కంట్లో గుచ్చుకుని చూపు పోయింది. పదిహేనేళ్లకల్లా, 1824లో, అలాంటి మొనతోనే కాగితం మీద చుక్కలు పొడిచి ఈ లిపి తయారుచేశాడు. ఆ పిల్లవాడు చేసింది నా వేలికింద ఉంది అనుకుంటే పాఠం విసుగనిపించేది కాదు. ఇప్పటికీ నేను నత్తనడకే చదువుతాను.

షుగర్ ఉన్నవాళ్లు ఒక సంగతి గమనించాలి. వేళ్లు మొద్దుబారి ఉంటే బ్రెయిలీ రాలేదని తమను తిట్టుకోవద్దు. అరచేయి, మణికట్టు లోపలివైపు, చెంప వాడండి. నీళ్ల వేడి మోచేత్తో చూసుకోండి.

కొట్టు బల్ల మీద పరిచింది చీమకుర్తి నల్లరాయి. నున్నటి పైభాగం, పనివాడు మెరుగు పెట్టకుండా వదిలేసిన గరుకు అడుగంచు, రెంటి మీదా చెయ్యి ఆడించడం నాకిష్టం. ఆ రాతిలో బంగారు రంగు చుక్కలు నక్షత్రాల్లా మెరుస్తాయి. వేళ్లకు అవి తగలవు. ఎంత సాధన చేసినా తగలవు. అది పోయింది, పోయిందనే ఒప్పుకుంటాను.

ఇక నా చొక్కాల సంగతి. ఒకరోజు ఊరికే కూర్చుని, ఆనాటి సాధనకు వేళ్లను ఎంచుకుని, వేసుకున్న చొక్కానే తడుముతున్నాను. మెడపట్టీ లోపల, లేబుల్ పక్కన దారపు ముడి ఒకటి తగిలింది. దర్జీ వదిలేశాడనుకున్నాను. మర్నాడు వేరే చొక్కాకు రెండు ముళ్లు. లేచి అలమర తెరిచి ఒక్కో చొక్కా తీసి చూశాను. తెల్లవాటికి ఒక ముడి, గళ్లవాటికి రెండు, నీలంవాటికి మూడు. ఏ ప్యాంటు మీదకు ఏది వేసుకోవాలో నేను ఎవరినీ అడగకుండా తేల్చుకోవాలని మా ఆవిడ కుట్టింది. అడిగితే, "ఆర్నెల్లయింది కుట్టి. నీకు తెలిసిందేమో అనుకుంటి," అంది. ఆర్నెల్లూ ఆ ముడి నా మెడకు రాసుకుంటూనే ఉంది.

మీరు కూడా ముందు మీ ఒంటి మీది బట్టలతో, మీ చేతికర్ర పిడితో, మీ మంచం అంచుతో మొదలుపెట్టండి. ఎవరో ఏదో చేసి ఉంటారు. ఏదైనా వస్తువు తెచ్చుకోవాలనిపిస్తే ఉదయగిరి కొయ్య చెంచా తెచ్చుకోండి. ఆ చేతిపనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పిడి మీద చెక్కిన చోటల్లా బొటనవేలు ఆగుతుంది, చెక్కినవాడి చెయ్యి ఎక్కడ తిరిగిందో తెలుస్తుంది.

నాలుగో అంచె: ముక్కు

ముక్కుది చిత్రమైన గుణం. ఏ వాసననైనా కొన్ని నిమిషాల్లో మరిచిపోతుంది. కొట్టులో కూర్చుంటే నాకు చింతపండు వాసన రాదు. బయటికెళ్లి రెండు నిమిషాలు నిలబడి మళ్లీ లోపలికొస్తే కొత్త గోనెసంచి, బెల్లం, ఎండుమిర్చి, ఇంగువ వరసగా వస్తాయి. అందుకే ముక్కు సాధన గడప దగ్గర చెయ్యాలి, లోపలికీ బయటికీ. అగరొత్తి వెలిగించి కూర్చోవద్దు, అది మిగతావన్నీ మింగేస్తుంది.

తొలకరి వాసన అందరికీ తెలుసు. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం చినుకు పడగానే గాల్లోకి లేస్తుంది. మనిషి ముక్కు దాన్ని అతి తక్కువ మోతాదులో కూడా పట్టేస్తుంది. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకు వాడిపోయినవాళ్లకు ఆ వాసన గురించి ఇంకా చెప్పేదేముంది.

మా అమ్మాయిని టంగుటూరు వైపు ఇచ్చాం. పొగాకు రైతులు. బ్యారన్లు, అంటే పొగాకును సెగపెట్టి ఎండబెట్టే కొట్టాలు, కాల్చే రోజుల్లో వెళ్తే ఊరు రాకముందే కారు అద్దం దించమంటాను. ఎండు ఆకు, పొయ్యి సెగ కలిసిన తియ్యటి ఘాటు తగలగానే, బ్యారన్ దగ్గర మంట చూసుకుంటూ వియ్యంకుడు రాత్రంతా మేలుకుని ఉంటాడని తెలిసిపోతుంది. "బావగారూ, నిద్ర లేదా?" అని నేనే ముందు పలకరిస్తాను. ఎట్లా తెలిసిందని ఆయనకు ప్రతిసారీ ఆశ్చర్యమే.

ఐదో అంచె: నాలుక

మొదటి ముద్ద మాట్లాడకుండా తినండి. టీవీ కట్టేయండి. ఒక్క ముద్దే, మిగతాది మామూలుగా తినొచ్చు.

నెల్లూరు వాళ్లకు ఈ పాఠం చేపల పులుసుతోనే మొదలవ్వాలి. అదీ రాత్రి కాచింది మర్నాడు పొద్దున. ముందు చింతపండు పులుపు, వెనకాల మామిడికాయ పులుపు, రెండూ వేరువేరుగా తెలుస్తాయి. తర్వాత కారం, చివర మెంతుల చేదు. ఆ వరస పట్టుకోవడం మొదటి పని. రెండో పని, వెనక్కు నడవడం: కాచింది ఎవరు, మామిడికాయ కోసింది ఎవరు, చేప పొలుసు తీసింది ఎవరు, మైపాడు నుంచి బస్సులో గంప తెచ్చింది ఎవరు.

ముళ్ల సంగతి చెప్పకపోతే ఇది అబద్ధపు రాత అవుతుంది. చూపు పోయిన కొత్తలో మా ఆవిడ ముళ్లన్నీ తీసి ముద్దలు చేసి పెట్టేది. నాకు రుచి తెలిసేది కాదు, చిన్నపిల్లాడినైపోయానన్న బాధే తెలిసేది. ఆ మాట చెప్పడానికి ఏడాది పట్టింది. తర్వాత కొరమీనుతో మొదలుపెట్టాను, దానికి నడిముల్లు తప్ప చిన్న ముళ్లు తక్కువ. ముక్కను బొటనవేలితో పొడవునా నొక్కితే కండ ముల్లును వదులుతుంది. బొచ్చె జోలికి ఇప్పటికీ పోను, దాని చీలిన ముళ్లు కళ్లున్నవాళ్లకే గొంతులో పడతాయి. నా ముళ్లు నేనే తీసుకోవడం మొదలయ్యాక పులుసు బాగుందని మా ఆవిడతో అనగలిగాను. అంతకుముందు ఆ మాట నోట్లోంచి వచ్చేది కాదు.

ఆరో అంచె: ఒళ్లు, పాదాలు

దీనికి పెద్ద పాఠం అక్కర్లేదు. పొద్దున ఎండ ఏ చెంపకు తగులుతోందో చూసుకుంటే తూర్పు ఎటో తెలుస్తుంది. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి తిరుగుతుంది, ఒంటి మీద చెమట ఆరిన క్షణాన్ని పట్టుకోండి. రంగనాయకుల గుడికి వెళ్తే చెప్పులు విడిచాక పాదాలు చెప్పేది వినండి: ఎండకు కాలిన బండ, మండపం నీడలో చల్లబండ, వేల పాదాలకు అరిగి నునుపెక్కిన గడప.

ఏడో అంచె: చెప్పడం

అన్నిటికంటే కష్టమైంది ఇదే. ఇది లేకపోతే పైవన్నీ ఏకాంత వినోదాలు.

చూపు లేని మనిషి పొద్దున్నుంచి రాత్రిదాకా థ్యాంక్స్ చెబుతూనే ఉంటాడు. రోడ్డు దాటించినవాడికి, ఆటో ఎక్కించినవాడికి, అడగకపోయినా చెయ్యి పట్టి లాగినవాడికి కూడా. ఇది మొహమాటం. సాయం రేపు ఆగిపోతుందేమోనన్న భయం కూడా కొంత. దీన్ని కృతజ్ఞత అనుకుంటే సాధన అక్కడే చెడుతుంది. ఒకసారి ఆఫీసులో పనిమీద వెళ్తే, అక్కడి మనిషి నా చేతిలో కాగితాలు పెట్టి, "ఇంత దూరం మీకెందుకండీ, ఎవర్నన్నా పంపకూడదా," అన్నాడు. నేను దానికి కూడా థ్యాంక్స్ చెప్పి వచ్చాను. ఇంటికొచ్చాక ఆ రోజంతా నా మీద నాకే చిరాకు.

కాబట్టి ముందు వద్దనడం నేర్చుకోండి. రోడ్డు మీద ఎవరైనా జబ్బ పట్టుకుని తోస్తుంటే ఆగి, "అన్నా, నువ్వు పట్టుకోవద్దు. నీ మోచెయ్యి ఇటియ్యి, నేను పట్టుకుంటా," అనండి. అతని మోచేతి పైభాగం పట్టుకుని అర అడుగు వెనక నడిస్తే మెట్టు వచ్చినా మలుపు వచ్చినా అతని ఒంటి కదలికే మీకు చెబుతుంది. వద్దని చెప్పగలిగినవాడి నోట్లోంచి వచ్చిన మంచిమాటకే విలువ.

రెండోది, మన ఇళ్లలో థ్యాంక్స్ అనే అలవాటు లేదు. పెళ్లానికి ధన్యవాదాలు అంటే జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టి చూస్తుంది. దానికి బదులు చేసింది చేసినట్టు పలకండి. "చొక్కాకు ముడేసింది నువ్వేనా?" "ఈరోజు పులుసులో మామిడికాయ వేరే చెట్టుది కదా?" "పెద్దమ్మా, మా వైపు కూడా ఊడుస్తున్నావు, నా కర్రకు రాయి తగల్లేదు." నేను ఆ చివరి మాట అన్నరోజు ఎదురింటి పెద్దమ్మ చీపురు ఆపి, "నీకెట్టా తెలిసింది అబ్బయా?" అని అడిగింది. చాలాసేపు ఆమె చీపురు చప్పుడు మళ్లీ మొదలవ్వలేదు.

అదే రోజు చెప్పండి. వస్తువు పేరు, చేసిన పని పేరు ఉండాలి. "నువ్వు నాకోసం ఎంతో చేస్తున్నావు" లాంటి మాటలు వద్దు, అవి విన్నవాళ్లకు ఇబ్బంది.

చెప్పడం ఎట్లాగో మా ఊరికి వందల ఏళ్లుగా తెలుసేమో అనిపిస్తుంది. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక ఉన్నవాళ్లు చెరువు నీళ్లలో నిలబడి, ఆ కోరిక తీరినవాళ్ల దగ్గర రొట్టె తీసుకుని తింటారు. తమది తీరాక మరో ఏడాది వచ్చి తామూ రొట్టె ఇస్తారు. హిందువులు, ముస్లింలు అని లేదు. ఆరోగ్య రొట్టె, విద్యా రొట్టె, సంతాన రొట్టె, ఉద్యోగ రొట్టె అని అరుస్తుంటారు. ఆ నీళ్లలో మోకాళ్లలోతున నిలబడితే కళ్లతో పనిలేదు. అరుపును బట్టి చెయ్యి చాపితే ఎవరో చేతిలో రొట్టె పెడతారు. మొదటిసారి ఆరోగ్య రొట్టె తీసుకున్నాను. చూపు రాలేదు. అయినా మూడేళ్ల తర్వాత ఆరోగ్య రొట్టే చేయించుకుని ఇవ్వడానికి వెళ్లాను. ఏం తీరిందని ఇస్తున్నావని మా అమ్మాయి అడిగితే, నిద్ర పడుతోందమ్మా అన్నాను.

ఎనిమిదో అంచె: లెక్క

ఫోన్‌లో టాక్‌బ్యాక్, అంటే తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించేది, పెట్టుకుని వాయిస్ రికార్డర్‌లో రోజుకు ఒక వాక్యం చెప్పుకోవచ్చు. బ్రెయిలీ వచ్చినవాళ్లు రాసుకోవచ్చు. నేను రేకుడబ్బా, చింతగింజలు వాడతాను. సాధన జరిగిన రోజు ఒక గింజ వేస్తాను. నెలాఖరున డబ్బా ఊపితే చప్పుడును బట్టే తెలిసిపోతుంది. వెయ్యని రోజున వెయ్యను. బాకీ గింజలు మర్నాడు రెండేసి కలపడం లాంటి దొంగలెక్కలు కొట్టులోనే చాలు.

గింజలు పడని రోజులు తప్పకుండా వస్తాయి. మనవడు పుట్టినప్పుడు అందరూ వాడి ముక్కు ఎవరి పోలికో వాదించుకుంటున్న వారం రోజులూ నా డబ్బాలో ఒక్క గింజ పడలేదు. వాడి మడమ నా అరచేతిలో ఉంది, పాల వాసన ఉంది, అయినా పడలేదు. అట్లాంటి రోజుల్లో సాధన చెయ్యకండి. పడుకోండి, లేదా ఎవరితోనైనా పోట్లాడండి.

ఇంట్లో కళ్లున్నవాళ్లకు

మీరు చేసేది మాకు తెలియాలంటే చప్పుడు చెయ్యండి. గదిలోకి వస్తే పేరు చెప్పండి, వెళ్లేటప్పుడు వెళ్తున్నానని చెప్పండి, లేకపోతే ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ కూర్చుంటాం. కుర్చీలు, చెప్పులు, బక్కెట్లు జరిపితే ఆ మాట చెప్పండి. "అదిగో అక్కడ" అనొద్దు, "నీ ఎడమ మోకాలి పక్కన" అనండి. కంచంలో కూర ఎక్కడుందో గడియారం లెక్కలో చెబితే సులువు: మూడు దగ్గర పప్పు, ఆరు దగ్గర అన్నం, తొమ్మిది దగ్గర పచ్చడి.

గ్లాసు పెట్టేటప్పుడు బల్లకు ఒకసారి తాకించండి. మా ఆవిడ ఇప్పుడు అట్లాగే చేస్తుంది. నల్లరాతి మీద స్టీలు గ్లాసు టక్కుమంటుంది. "పెట్టావా?" అంటాను. "ఆ, పెట్టినా. చల్లారకముందే తాగు, వేడినీళ్లు," అంటుంది.